సున్నివా కొన్న చలికాలపు బండి

అక్టోబరులో మా లోయ రోడ్ల మీద మంచు కట్టకుండా మొదటిసారి ఉప్పు చల్లిన రోజునే సున్నివా తన నీలం కారును కడిగి, తుడిచి, వాళ్ళన్న స్టైనార్ గొడ్లసావిట్లో పెట్టి దుప్పటి కప్పేసేది. మళ్ళీ మే నెలలోనే దాన్ని బయటికి తీయడం. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తు, వెనక చక్రాలతో నడిచే బండి. మంచు మీద దాన్ని నడపడమంటే సబ్బు మీద నడవడమే.

మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆమె లెక్కలు చెప్పేది. నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా సైకిలు మీదా బస్సులోనూ తిరిగిన మనిషి, ఒక వేసవిలో ఉన్నట్టుండి ఆ కారు కొంది. కొన్న వారానికే, ఏ పనీ లేకుండా, కొండ దాటి సముద్రపొడ్డున ఉన్న వోగ్నెస్ దాకా పోయింది. అక్కడ ఎవరిదో పడవల షెడ్డు ముందు కారు ఆపి అలలు చూస్తూ నిలబడితే, వెనక నుంచి ఒకాయన పిలిచాడట.

"ఏమండీ, మీ బండి చాలా బాగుంది గానీ కొంచెం పక్కకు తీస్తారా? నా పడవ నీళ్ళలోకి దిగాలి."

ఆయనే టోర్లైఫ్. చెక్కపడవలు చేసేవాడు. ఒక కంటికి చూపు పోవడంతో బండి నడపడం మానేశాడు. ఆ రోజు ఆ పడవ నీళ్ళలోకి దించడానికి తాడు పట్టుకున్నది సున్నివానే. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ శుక్రవారం మధ్యాహ్నం బడి గంట కొట్టడమే ఆలస్యం, నీలం కారు కొండెక్కేది.

చలికాలం వస్తే మాత్రం ఫోనే గతి. బస్సులో పోవాలంటే రెండు చోట్ల మారాలి. శనివారమంతా పోవడానికీ, ఆదివారమంతా రావడానికీ సరిపోయేది. అలా మూడేళ్ళు గడిచాయి. నాలుగో అక్టోబరులో ఆమె కారు సావిట్లో పెట్టి వచ్చిన సాయంత్రం టోర్లైఫ్ ఫోన్ చేశాడు. పడవల సంగతీ చేపల సంగతీ అయ్యాక అసలు మాట అన్నాడు.

"సున్నివా, ఈసారి నాకు ఏడు నెలలు ఆగడం చేతకాదేమో."

ఆమె చేతిలోని కారు తాళాలు బల్ల మీద పెట్టింది.

"నీ కారునేం అనడం లేదులే. అది నాకూ ఇష్టమే," అన్నాడు ఆయన తొందరగా.

ఆ మర్నాడే ఆమె చలికాలానికి ఇంకో బండి కొనాలని నిశ్చయించుకుంది. స్టైనార్‌ను వెంటబెట్టుకుని వరసగా శనివారాలన్నీ తిరిగింది. మొదట ఒక ఎత్తయిన పికప్ బండి చూశారు. దాంట్లోకి ఎక్కితే ఇంటి కప్పు మీద కూర్చున్నట్టుందని ఒద్దంది. తర్వాత ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు. దాంట్లో వంక పెట్టడానికేమీ లేదు, అందుకే ఒద్దంది. మూడోదానికి చక్రాల కింద రోడ్డు తెలియడం లేదంది. నాలుగోదాని తలుపు వేస్తే వచ్చిన చప్పుడు నచ్చలేదంది.

స్టైనార్‌కు ఓపిక తక్కువ. నాలుగో బండి దగ్గర టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నువ్వు బండిని చూస్తున్నావా, పెళ్ళికొడుకుని చూస్తున్నావా?"

"ఏం చెయ్యనన్నయ్యా, ఒక్కటీ మనసుకు పట్టడం లేదు."

"మనసుకు పట్టింది ఒకటి నా సావిట్లో గడ్డి పక్కన నిద్రపోతోందిగా! ఇది మంచును పట్టుకుంటే చాలు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పాలి, జారకుండా టైర్లకు మేకులుండాలి, కింద అడుగెత్తు ఉండాలి, హీటరు పనిచెయ్యాలి. ఇంతే కదమ్మా. దీనికి నాలుగు శనివారాలా?"

ఆమె ఆ బండి తలుపు మళ్ళీ ఒకసారి తీసి వేసింది. నాకు మాత్రం సోమవారం మా టీచర్ల గదిలో, చల్లారిపోయిన కాఫీ కప్పు చేతిలో పట్టుకుని చెప్పింది.

"అన్నయ్య చెప్పింది నిజమే. బండి తప్పేం కాదు. నలభై తొమ్మిదేళ్ళు నేను ఎక్కడికీ పోని మనిషిని. ఆ కారు కొన్నాకే పోవడం నేర్చుకున్నాను. దూరంగా మలుపులో దాని చప్పుడు వినపడగానే టోర్లైఫ్ షెడ్డులోంచి బయటికి వస్తాడు, చేతులకు రంగుతో. వేరే బండిలో పోతే... అందులోంచి దిగేది ఎవరు? మళ్ళీ ఆ పాత లెక్కల టీచరేనేమో."

"ఆయన ఎదురుచూస్తున్నది కారు కోసమా?" అన్నాను నేను.

"కాదు. నాకు తెలుసు. తెలిసినా భయమే."

నవంబరు ఆఖరున, లోయ చివర ఉండే మాగ్నహిల్డ్ తన బండి అమ్ముతోందని తెలిసింది. ఆమె పాతికేళ్ళు ఉత్తరాలు పంచి, ఉద్యోగం మానేసినా చాలాకాలం బండి నడిపిన మనిషి. ఈమధ్య మోకాళ్ళు మొరాయించాయి. సున్నివా ఒక్కతే వెళ్ళింది. వాకిట్లో గోధుమరంగు స్టేషన్ వ్యాగన్, పొడుగ్గా, పెట్టెలాగా. పక్కన చేతికర్రతో ముసలామె.

"అందం చందం ఏమీ లేదమ్మాయ్, ముందే చెబుతున్నా. దీన్ని చూసి ఎవరూ తల తిప్పరు. కానీ పొద్దున్నే తాళం తిప్పితే పలుకుతుంది. నన్ను ఒక్కనాడూ రోడ్డు మీద వదిలెయ్యలేదు."

సున్నివా చుట్టూ తిరిగి చూసింది, కూర్చుని చూసింది, కాస్త దూరం నడిపి చూసింది. తిరిగి వచ్చాక మాగ్నహిల్డ్ అడిగింది.

"కొండ అవతల ఎవరున్నారు?"

"కొండ దాటాలని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పాలి? లోయలో తిరగడానికైతే సీట్లు మెత్తగా ఉన్నాయా, పెట్రోలు ఎంత తాగుతుందని అడుగుతారు. నువ్వు గాలికి ఊగుతుందా అని మూడుసార్లు అడిగావు."

సున్నివా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఒకాయన ఉన్నారండీ," అంది.

"ఉంటే ఇంకా ఇక్కడ నిలబడి ఏం చూస్తున్నావు? గాలికి ఊగదు. బరువు మనిషి ఇది, నాలాగా," అని మాగ్నహిల్డ్ తాళాలు ఆమె చేతిలో పెట్టింది.

డిసెంబరంతా కొండ మీద తుఫానులే. జనవరిలో మొదటి శనివారం బయలుదేరింది. కొండ మీద గాలి లేచినప్పుడు రోడ్డుకు రెండు కొసలా గేట్లు వేసేస్తారు. మంచు తోసే లారీ ముందు పోతుంటే, దాని వెనక బండ్లన్నీ వరసగా దాటాలి. ఆమె వెళ్ళేసరికి గేటు వేసి ఉంది. ముందు పదమూడు బండ్లు. ఇంజను ఆపితే చలి, ఆపకపోతే ఆ చప్పుడుకు దిగులు. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" టోర్లైఫ్.

"గేటు దగ్గర."

"నేనూ గేటు దగ్గరే. మా వైపు గేటు. బస్సులో పైకి వచ్చేశాను, ఇంట్లో కూర్చోలేక."

ఇద్దరి మధ్యా పంతొమ్మిది కిలోమీటర్లు.

"నీకేం కనిపిస్తోంది?" అడిగింది ఆమె.

"తెలుపు."

"నాకూ అంతే."

రెండు గంటలు అలాగే కాచుకున్నారు. మధ్యమధ్యలో ఫోన్ చేసుకున్నారు, చెప్పుకోవడానికేమీ లేకపోయినా. రెండున్నరకు లారీ మనిషి ఒక్కో బండి అద్దం మీదా తడుతూ వచ్చాడు. "ఇవాళ్టికి లేదండీ. వెనక్కి తిప్పుకోండి."

"మూడేళ్ళుగా ఫోన్లో మాట్లాడుతున్నాం కదా, దూరం ఎంతో ఎప్పుడూ తెలియలేదు," అంది నాతో ఆ సోమవారం. "అక్కడ కూర్చుంటే తెలిసింది."

తర్వాతి శనివారం ఆకాశం విచ్చుకుంది. లారీ వెనక ఆరో బండిగా ఆమె కొండ దాటింది. అవతలి గేటు పక్కన, చెవుల మీదికి టోపీ లాక్కుని టోర్లైఫ్ నిలబడి ఉన్నాడు. వస్తున్న బండ్లన్నిటినీ ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఆమె బండిని కూడా చూశాడు, చూసి దాని వెనకదాన్ని చూడబోయాడు. ఆమె గబుక్కున బ్రేకు వేసింది. అద్దం దించి పిలిచింది.

"టోర్లైఫ్!"

ఆయన వంగి, బాగున్న కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. "నువ్వా! నేను ఇంకా నీ నీలం కారు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నా."

లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. కాళ్ళు బారచాపాడు. ఇంకేం మాట్లాడకుండా గేరు మీదున్న ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. వోగ్నెస్ చేరేదాకా తీయలేదు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే మార్చారు.

ఆదివారం ఉదయం ఆమె బయటికి వచ్చేసరికి, ఆయన వ్యాగన్ వెనక తలుపు ఎత్తి జానలతో కొలుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నావ్?"

"నా పనిముట్ల పెట్టె పడుతుందా అని. పడుతుంది. రంపాలూ పడతాయి." ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "మీ లోయలోని సరస్సు దగ్గర పాతపడవలు బాగుచేసేవాళ్ళు లేరన్నావు కదా. చలికాలం నాకిక్కడ పెద్ద పనేం ఉంటుంది. ఈస్టర్ దాకా వస్తాను, నీకు ఇబ్బంది లేకపోతే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ మాట అన్నావా?"

"పనిముట్లు దేంట్లో వేసుకుని రానూ? నీ నీలం కారులో నేను పట్టడమే గొప్ప. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. చేతిలో పని లేకుండా నీ ఇంట్లో కూర్చోమంటే నావల్ల కాదు."

సామానంతా ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. రెండింటికి లారీ వెనక కొండ దాటే వరస అందుకోవాలని సున్నివా కొంచెం వేగంగానే నడిపింది. ఊరు దాటాక, రోడ్డు లోపలికి తిరిగే ముందు ఒక మలుపుంది. అక్కడితో సముద్రం అయిపోతుంది.

"ఒక్క నిమిషం ఆపుతావా?" అన్నాడు టోర్లైఫ్.

దిగి రోడ్డు అంచు దాకా నడిచాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆసుపత్రిలో ఉన్న నెల తప్ప ఆ నీళ్ళు కనపడని చోట నిద్రలేచింది లేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని అలా నిలబడిపోయాడు. నిమిషం అయింది, అయిదూ అయింది. బండిలోని గడియారం రెండుకు పావు తక్కువ చూపిస్తోంది. గేటు ఇంకా పది నిమిషాల దూరం. హారన్ మీద చెయ్యి వేసిందట సున్నివా, మళ్ళీ తీసేసిందట. అలా ఒకవైపే చూస్తూ నిలబడటం ఎలాంటిదో ఆమెకు తెలియనిది కాదు.

ఇంజను ఆపి, కోటు వేసుకుని, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. రెండింటి వరస వాళ్ళకు తప్పిపోయింది. నాలుగింటి దాంట్లో కొండ దాటి వచ్చారు.