సరస్సు ఒడ్డున పెళ్ళికి

విడాకులిచ్చిన మొగుడి రెండో పెళ్ళికి అత్తగారిని కారులో దింపి రావడమేమిటని ఎవరైనా నిలదీస్తే స్టీరింగమ్మ దగ్గర జవాబు లేదు. స్టీరింగమ్మ అన్నది డ్రైవింగ్ స్కూల్లో ఆమె దగ్గర కారు నేర్చుకునేవాళ్ళు పెట్టిన పేరు. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ళని కూడా కసురుకోకుండా దారిలో పెడుతుంది.

అత్త ఫోన్ చేసి, "బస్సెక్కితే పేగులు నోట్లోకి వస్తాయే అమ్మాయ్. ముక్కూ మొహం తెలియని డ్రైవరుతో ఆ కొండ మలుపులు నావల్ల కాదు. నువ్వు తీసుకెళ్తావా?" అని అడిగితే కాదనడానికి నోరు రాలేదు. ఆ ఇంటి మనుషుల్లో తనకంటూ మిగిలింది ఆ పెద్దావిడ ఒక్కతే. పెళ్ళి జరిగే హోటల్ గేటు దగ్గర దింపేసి, లోపలికి తొంగిచూడకుండా వెనక్కి తిరుగుదామనుకుంది.

కొండ ఎక్కడం మొదలుపెట్టేదాకా అత్త నోరు ఆగలేదు. మోకాళ్ళ నొప్పులూ, కొత్త పళ్ళ సెట్టూ, పక్కింటివాళ్ళ కుక్కా అన్నీ అయిపోయాయి. మలుపులు మొదలయ్యాక మాత్రం ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒకవైపు వానకు తడిసిన బండ, మరోవైపు లోయ. కింద నది సన్నగా మెరుస్తోంది. పొగమంచు చెట్ల మీదుగా జారి రోడ్డు మీదకొస్తోంది.

సగం దూరంలో కారు ఆపాల్సి వచ్చింది. ముందు కొండ రాళ్ళు దొర్లిపడి ఉన్నాయి. ఎర్ర జెండా పట్టుకున్న రోడ్డు పనివాడు, యంత్రం వచ్చి తీసేదాకా కదలడానికి లేదన్నాడు. స్టీరింగమ్మ ఇంజను ఆపేసింది.

"అమ్మాయ్, ఈ పూట దాటితే నిన్నో మాట అడిగే హక్కు నాకుండదు," అంది అత్త, అద్దంలోంచి బయటికి చూస్తూ. "నా వల్లేగా నువ్వు వెళ్ళిపోయింది? నా నోటి దురుసు పడలేకే పోయిందని వాడు చెప్పాడు. నన్ను క్షమించమ్మా."

స్టీరింగమ్మ ఆవిడ వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ ఈవిడ మోస్తున్నది ఇదా?

"మీ వల్ల కాదత్తయ్యా."

"నన్ను ఓదార్చడానికి అనకు."

చెప్పకూడదనే అనుకుంది. పెళ్ళికి వెళ్తున్న తల్లికి చెప్పే మాట కాదది. కానీ చేయని తప్పుకి ఆవిడ క్షమాపణ అడుగుతుంటే ఊరుకోవడం ఇంకా పాపమనిపించింది.

"ఓ మధ్యాహ్నం క్యారియర్‌లో కూర పట్టుకుని మా ఇంటికి వచ్చారు, గుర్తుందా?"

"తాళం వేసుంటే తిరిగొచ్చేశాను. ఇద్దరూ ఏ సినిమాకో పోయారనుకున్నా."

"నేను లోపలే ఉన్నాను."

అత్తకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా ఇటు తిరిగింది.

"ఆఫీసుకెళ్తూ బయట తాళం వేసుకుపోయేవాడు. మొదట్లో దొంగల భయమన్నాడు. తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు."

"మరి నన్ను పిలవలేదేం? తాళం ఉన్నా ఎందుకైనా మంచిదని తలుపు కూడా కొట్టానే."

"సిగ్గేసింది. పిలిస్తే మీ కొడుకు ఎలాంటివాడో మీకు తెలిసిపోతుంది. మీ అడుగులు మెట్లు దిగేదాకా వింటూ నిలబడ్డాను. ఓ రోజు తాళం వేయడం మరిచిపోయాడు. ఉన్నపళంగా బయటపడ్డాను."

"వాడా పని..." అని మొదలుపెట్టి అత్త ఆగిపోయింది. పైట కొంగు వేలికి చుట్టుకుంది. "నేను పుట్టింటికి వెళ్తానంటే వీళ్ళ నాన్న నా చెప్పులు దాచేసేవాడు. నవ్వులాట అనుకునేదాన్ని. వీడూ పక్కన నిలబడి నవ్వేవాడు."

రాళ్ళు తీసి దారి ఇచ్చారు. చివరి మలుపు తిరగగానే కింద సరస్సు కనబడింది. నీళ్ళ మీద రంగురంగుల పడవలు, ఒడ్డు పొడవునా బాల్కనీల హోటళ్ళు, ఫొటోలు దిగుతున్న జనం. అత్త కళ్ళెత్తి కూడా చూడలేదు.

హోటల్ గేటు దగ్గర దిగి, "వెళ్ళిపోకు. ఆ పిల్లతో ఓ మాట చెప్పొస్తాను," అంది.

"పెళ్ళిరోజున ఎందుకత్తయ్యా?"

"రేపు చెప్పి ఏం లాభం?"

స్టీరింగమ్మ కారు పక్కకి తీసి కూర్చుంది. లోపలి పాటలు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. కాసేపటికి అత్త మెట్ల మీద కనబడింది, సంచి ఇంకా చేతిలోనే ఉంది. వెనకాలే కొత్త సూటులో కొడుకు. కారులో ఎవరున్నారో చూసి నిలబడిపోయాడు. అరవలేదు. ఆమె వంక చూస్తూ చిన్నగా నవ్వాడు, అంతే. స్టీరింగమ్మ ఇంజను స్టార్ట్ చేసింది. అత్త ఎక్కీ ఎక్కగానే తలుపులు లాక్ చేసి కారు ముందుకి ఉరికించింది.

"నమ్మిందా?"

"లేదు. నువ్వే నన్ను ఉసిగొల్పి పంపావంది. ముసలితనంలో ఇదేం బుద్ధని అడిగింది. అడగదూ మరి? కడుపున పుట్టినవాడి మీద చాడీలు చెప్పే తల్లిని ఎవరు నమ్ముతారు?"

"పోనీలెండి. మీరు చెప్పాల్సింది చెప్పారు."

"బయటికొస్తుంటే తలుపు దాకా వచ్చింది. నీ ఫోన్ నంబరు అడిగింది. అరచేతిలో రాసుకుని, వాడు వస్తుంటే చెయ్యి మూసేసుకుంది."

స్టీరింగమ్మ ఓసారి తన ఫోన్ వంక చూసింది.

సరస్సు వెనక్కి పోయింది. మొదటి మలుపులోనే అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"వాడు నా కొడుకే కదే," అంది.

"అవునత్తయ్యా," అని స్టీరింగమ్మ వేగం తగ్గించింది.