అంకమ్మకు మొక్కిన పుంజు

పున్నమ్మ కోపం వీధి చివరి టీ కొట్టు దాకా వినపడుతుందని పేరు. ఆ సోమవారం అది పక్క ఊరికి కూడా వినపడి ఉండాలి. మున్సిపాలిటీ వాళ్ళు ట్రాలీ ఆటో తెచ్చి ఆమె ఇంటి ముందు ఆపారు. ఇద్దరు మనుషులు దొడ్లో జొరబడి, పత్తికట్టె దడి పక్కన గింజలేరుకుంటున్న ఎర్రటి డేగపుంజును పట్టి గోనెసంచిలో కుక్కారు.

"అది అంకమ్మ తల్లికి మొక్కిన పుంజురా! దాని మీద చెయ్యేస్తే ఆ చేతులు పడిపోతాయ్!"

శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోటేష్ చెమట తుడుచుకున్నాడు. "నేనేం చెయ్యనమ్మా? మీ ఊరు మున్సిపాలిటీలో కలిసింది గదా. ఇళ్ళ మధ్య పుంజును పెంచకూడదు, అది రూలు. పెట్టల్ని గూట్లో పెట్టుకో, నేనేమీ అనను. కంప్లయింటు వచ్చింది, వచ్చాను."

కంప్లయింటు ఇచ్చినాయన ఎదురుగానే ఉన్నాడు. మిరపచేలు చదును చేసి వేసిన లేఅవుట్లో కొత్తగా ఇల్లు కట్టుకున్న గురునాథం మాస్టారు. గేటు పట్టుకుని నీళ్ళు నములుతున్నాడు. ఆయన నిద్ర చెడగొడుతున్నది పున్నమ్మ పుంజు కానే కాదు. ఆయన ఇంటి పక్కనే ఎత్తు ప్రహరీ కట్టిన స్థలంలో నాగేంద్రబాబు పందెం పుంజులు పాతిక దాకా ఉన్నాయి. ఇనుప గంపల కింద బాదంపప్పులు తింటూ, తెల్లారకముందే ఒకదాన్ని చూసి ఒకటి గొంతు చించుకుంటాయి. ఈ సంగతి మాస్టారికి తెలుసు, ఇన్‌స్పెక్టరుకు తెలుసు, వీధి కుక్కలకు కూడా తెలుసు. కానీ నాగేంద్రబాబు మిర్చి కమిషన్ వ్యాపారి, పైగా వార్డులో పెద్దమనిషి. ఆయన్ని కాదంటే కుళాయిలో నీళ్ళు కూడా రావు. అందుకే మాస్టారు వీధిలో పుంజుల గోల ఎక్కువైందని మాత్రం చెప్పి, ఎవరి పుంజులో చెప్పకుండా చేతులు దులుపుకున్నాడు. ఎంత చదివితే ఏం లాభం!

"ఆ గోడవతల కూసేవేంటయ్యా? పావురాలా?" అంది పున్నమ్మ.

"అది షెడ్డమ్మా. అది వేరు."

"షెడ్లో కూస్తే మాస్టారి చెవిన పడదా?"

కోటేష్ వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆటో వెళ్ళిపోయింది. మాస్టారు గేటు వేసుకున్నాడు.

పుంజు పోయినందుకు కాదు పున్నమ్మ బాధ. పోయిన వానాకాలం మనవరాలు భవ్యకు డెంగీ వచ్చింది. గుంటూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆమె మొక్కింది: "తల్లీ, పిల్లను నా ఒళ్ళో పెట్టు, దొడ్లో తిరిగే డేగను నీకిచ్చుకుంటాను." పిల్ల లేచింది, బడికి పోతోంది, జడ వెయ్యబోతే మారాం చేస్తోంది. ఈ ఆదివారమే అంకమ్మ కొలుపు, మొక్కులు చెల్లించే జాతర. మొక్కిన పుంజును మార్చకూడదు, అమ్మకూడదు, దాని ఒంటి మీద గాటు పడకూడదు. మొక్కు తప్పితే తల్లి కోపం ఎవరి మీదకు తిరుగుతుందో పున్నమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. అది తలచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

మర్నాటి నుంచి మున్సిపల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. పుంజును ఊరవతల మున్సిపాలిటీ షెడ్డుకు పంపామన్నాడొకడు. షెడ్డుకు పోతే ఇక్కడికి రానే లేదన్నారు. మళ్ళీ ఆఫీసుకొస్తే, తప్పించుకు పారిపోయిందేమో అన్నాడు ఇంకొకడు, పళ్ళికిలిస్తూ. ఆ పళ్ళు రాలగొట్టాలనిపించింది పున్నమ్మకు.

శుక్రవారం పొద్దున పాలకు పోతూ నాగేంద్రబాబు ప్రహరీ పక్కన ఆమె ఠక్కున ఆగిపోయింది. లోపల కూసిన కూతల్లో ఒకటి చివర విరిగింది. కోడిపిల్లగా ఉన్నప్పుడు పిల్లి గొంతు పట్టిన నాటి నుంచి డేగ కూత అంతే. పున్నమ్మ పాలగిన్నె అక్కడే పడేసి గేటు తోసుకుని లోపలికి పోయింది.

పుంజులకు మేత వేస్తున్న నాగూర్ వలి బిత్తరపోయాడు. చివరి గంప కింద డేగ ఉంది. పందానికి తయారుచేసే పుంజులకు చేసినట్టే, నెత్తి మీది ఎర్రటి తురాయిని మొదలంటా కోసేశారు. కోసిన చోట పసుపు అద్దారు.

"ఎవడ్రా కోసింది?"

వలి తల దించుకున్నాడు. "సోమవారమే మున్సిపాలిటీ ఆటోవాళ్ళు ఇక్కడ దించిపోయారమ్మా. కొయ్యమన్నది బాబుగారు. ఇది మొక్కిందని నాకు తెలవదు, అల్లా తోడు."

నాగేంద్రబాబు ఆ పుంజును రెండుసార్లు అడిగాడు. "పిన్నీ, దాని కాలు చూశావా, చూపు చూశావా? నాకిచ్చెయ్" అని నవ్వుతూ అడిగాడు. అమ్మవారిదని చెబితే దణ్ణం కూడా పెట్టాడు. తెలిసి తెలిసీ చేశాడు! గాటు పడిన పుంజును ఏ మొహం పెట్టుకుని తల్లి ముందుకు తీసుకుపోవాలి? భవ్య మొహం కళ్ళ ముందు మెదిలింది.

డేగను చంకన పెట్టుకుంది. పక్క గంపను కాలితో తన్నింది. దాని పక్క గంపనూ తన్నింది.

"అమ్మా, వద్దమ్మా! నా పని పోద్ది!"

"నువ్వటు తిరిగి నుంచో వలీ. నువ్వేం చూళ్ళేదు."

పందెం పుంజులు రోడ్డున పడ్డాయి. పడీ పడగానే ఒకదాని మీద ఒకటి ఎగిరాయి. మాస్టారి మెట్ల మీద రెండు, కార్ల మీద నాలుగు, ముగ్గుల్లో మిగతావి. ఈకలు లేచాయి, నెత్తురు చిమ్మింది. లేఅవుట్ వాళ్ళంతా బయటికొచ్చి ఫోన్లు పైకెత్తారు. నాగేంద్రబాబు బనీను మీదే పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే, ఎవరు ఫోన్ చేశారో, కోటేష్ ట్రాలీ ఆటోతో దిగాడు.

ఇన్ని ఫోన్ల ముందు కోటేష్‌కు కూడా రూలు గుర్తుకు రాక తప్పలేదు. "ఎవరివండీ ఈ పుంజులు?" అన్నాడు గట్టిగా.

నాగేంద్రబాబు నోరు తెరిచాడు. పైకెత్తిన ఫోన్లు చూసి మూసుకున్నాడు.

"చెప్పవేం నాగేంద్రా?" అంది పున్నమ్మ. "బాదంపప్పులు పెట్టి సాకావుగా? నీయి కావా?"

"నాకేం తెలుసు పిన్నీ, ఎవరివో" అన్నాడు నేల చూస్తూ.

గేటు దగ్గర మాస్టారు ఈసారీ ఏమీ అనలేదు. కానీ ఫోన్ దించలేదు.

ఆటోవాళ్ళు ఒక్కొక్క పుంజునూ సంచిలో వేస్తుంటే, లక్షలు పలికే నెమలి రంగు పుంజు నాగేంద్రబాబు కళ్ళ ముందు నుంచే పోయింది. అతను చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

చివరికి ఆటోవాడు పున్నమ్మ చంకలోని డేగ వైపు వచ్చాడు. పున్నమ్మ వాణ్ణి దాటుకుని కోటేష్ ఎదురుగా నిలబడింది.

"ఇది నాది. పున్నమ్మ పుంజని రాసుకో. ఆదివారం దాకా నా దొడ్లోనే ఉంటుంది. ఆ తల్లి ముందు దీన్ని దించి, తన పుంజు తురాయి ఎవడు కోశాడో, ఎవడు తెచ్చిచ్చాడో పేరుపేరునా నేనే చెబుతాను. మొక్కు తప్పింది నేను కాదు. నా పిల్ల జోలికి రావద్దని చెబుతాను."

కోటేష్ పెన్ను జేబులోంచి తియ్యలేదు. పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు.