లాయర్ టార్వర్ బూట్లు

తెల్లారి లేవగానే వెల్మా టార్వర్ చేసే మొదటి పని మొగుడి బూట్లలోంచి బురద ఎత్తి బయట పోయడం. ఆ తర్వాతే కాఫీ. తొమ్మిదేళ్ళుగా ఇంతే. ఇటలీలో యుద్ధం ముగించుకుని, రొమ్ము మీద వెండి నక్షత్రం పతకంతో ఆంబ్రోజ్ టార్వర్ జార్జియాకి తిరిగొచ్చిన మర్నాటి నుంచీ అతని సైన్యం బూట్లు బురద కక్కుతున్నాయి. ఆ ఊరి నేల ఎర్రమట్టి. ఇది నల్లటి ఏటి బురద. చల్లగా, జిగటగా ఉండి, చచ్చిన కంచరగాడిద కంపు కొట్టేది. బూట్లు కాళ్ళకుంటే రోజుకి పారెడు వచ్చేది. విప్పి ఒక మూల వదిలేస్తే మాత్రం, వాటికి కోపం వచ్చినట్టు, గంపలకొద్దీ వచ్చేది. అందుకే అతను కొత్త జోళ్ళు కొనడం మానేశాడు.

వాడలో దీన్నెవరూ వింతగా చూడలేదు. ముసలాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, యుద్ధానికి వెళ్ళొచ్చినవాడికి బురద, అంతే. పక్కింటి కోరా పూల్ తన బెండ మొక్కలకి రెండు బకెట్లు అడిగి పట్టుకుపోయేది. చర్చి పాస్టరు గులాబీలకి తెప్పించుకునేవాడు.

దాన్ని చూస్తే ఒళ్ళు మండేది ఆంబ్రోజ్ ఒక్కడికే. ఇటలీలో ఒక ఏరు దాటేటప్పుడు బురదలో కూరుకుపోయిన ముగ్గుర్ని అతను గట్టుకి ఈడ్చి పడేశాడు. నాలుగోవాడి చెయ్యి జారిపోయింది. పతకం ఆ ముగ్గురి కోసం ఇచ్చారు, బురద మాత్రం నాలుగోవాడు పంపుతున్నాడని అతని నమ్మకం.

తిరిగొచ్చాక లా చదివాడు. మంగలి షాపు మీద ఒక గది తీసుకుని బోర్డు పెట్టాడు. ఆ కౌంటీ మొత్తానికి నల్ల లాయరు అతనొక్కడే. ఏటా నవంబరులో యుద్ధ వీరుల ఊరేగింపు రోజున మేయరు కబురు పంపేవాడు. బాండు వెళ్ళాక, తెల్ల వీరులు వెళ్ళాక, గుర్రాలు కూడా వెళ్ళాక, ఆ గుర్రాల పేడ మీదుగా వెళ్ళే చిట్టచివరి లారీలో ఆంబ్రోజ్‌ని నిలబెట్టేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. మర్నాడు అదే జనం కోర్టులో అతన్ని వెనక మెట్లెక్కి రమ్మనేవారు. ఆ కోర్టులో తెల్ల తాగుబోతు కూడా మిస్టరే. డెబ్భై ఏళ్ళ నల్ల పాస్టరు ఉత్త జేమ్స్. పతకం ఉన్న లాయరు ఉత్త ఆంబ్రోజ్. ఇవన్నీ మింగి "యువర్ ఆనర్" అన్నప్పుడల్లా అతనికి వాంతి గొంతు దాకా వచ్చి ఆగేది.

ఆ శరత్కాలంలో కోరా కొడుకు జీక్‌ని పట్టుకెళ్ళారు. వేరుశనగ గిడ్డంగి కాలిపోయింది, జీకే తగలబెట్టాడన్నారు. ఆ సమయానికి జీక్ జ్వరంతో తల్లి మంచం మీద ఉన్నాడు. గిడ్డంగిలో కరెంటు తీగలు ఎలకలు కొరికేశాయని ఊరందరికీ తెలుసు, జడ్జికీ తెలుసు. కానీ గిడ్డంగి యజమాని పెద్దమనిషి, ఎలకల మీద కేసు పెడితే ఆయన పరువేం కాను? నేరం రుజువైతే ఇరవై ఏళ్ళు కాళ్ళకి గొలుసులతో రోడ్ల మీద రాళ్ళు కొట్టాలి. జీక్ వయసు ఇరవై రెండు.

జీక్ కాళ్ళకి గొలుసు వేయించేది జ్యూరీ పెట్టె. దాన్లో కౌంటీలో పన్ను కట్టే మగాళ్ళ పేర్లు చీటీల మీద ఉంటాయి. తెల్లవాళ్ళవి తెల్ల చీటీలు, నల్లవాళ్ళవి పసుపు చీటీలు. అందరి ముందూ జడ్జి స్టోక్లీ పెట్టెలో చెయ్యి పెట్టి పన్నెండు చీటీలు తీస్తాడు. నేరం ఉందో లేదో తేల్చేది ఆ పన్నెండుమందే. ముప్పై ఏళ్ళుగా తీస్తున్నాడు. ఒక్క పసుపు చీటీ కూడా ఆయన వేళ్ళకి తగల్లేదు.

గురువారం విచారణలో ఆంబ్రోజ్ లేచి చీటీల రంగు మీద అభ్యంతరం చెప్పాడు. అగ్గిపుల్లతో చెవి గెలుక్కుంటున్న జడ్జి, ఆ పుల్ల కొసని తీరిగ్గా చూసుకుని కోటుకి తుడుచుకున్నాడు. పక్కనున్న ఇత్తడి చెంబులోకి పొగాకు ఉమ్మేశాడు. సగం చెంబులో పడింది, సగం అంచు మీద వేలాడింది. ఆంబ్రోజ్ చూపు తిప్పుకున్నాడు.

"రంగు గుమస్తా సౌకర్యం కోసమోయ్ ఆంబ్రోజ్. నేను కళ్ళు మూసుకునే తీస్తాను. రంగుతో నాకేం పని? గుమస్తా, ఈ మాట రాసుకో. పై కోర్టువాళ్ళు కూడా చదువుకుంటారు."

గుమస్తా రాసుకున్నాడు. అంతటితో జడ్జికి కడుపు నిండలేదు. ఆంబ్రోజ్ నిలబడ్డ చోట నేల మీద పరుచుకుంటున్న నల్ల బురదకేసి గడ్డం చూపించి, ఇది కోర్టు ధిక్కారమన్నాడు. కేసు తేలేదాకా బూట్లు జప్తు చెయ్యమన్నాడు.

విప్పి ఉంచితే అవి ఊరుకోవని ఆంబ్రోజ్ విన్నవించుకున్నాడు. ఈ బూట్లకి కూడా కోర్టంటే లెక్కలేదా అని జడ్జి అడిగితే తెల్ల బెంచీలు పగలబడి నవ్వాయి. ఆంబ్రోజ్ వంగి లేసులు విప్పాడు. అమీను ఆ బూట్లని రెండు వేళ్ళతో పట్టుకుని, వెనక నిలబడ్డ హోసియా మిమ్స్ మీదికి విసిరాడు. హోసియా కోర్టులో నేల తుడిచే మనిషి, ఆదివారాలు చర్చిలో డీకన్, సంఘానికి పెద్ద. ఆంబ్రోజ్ లాయరైన నాటి నుంచీ అతని అడుగుల వెనకే బురద తుడుస్తూ వస్తున్నాడు.

"ఎక్కడ పెట్టమంటారయ్యా?" అన్నాడు హోసియా.

"నీకు తోచిన చోట తగలెయ్."

హోసియా బూట్లకేసి ఒకసారి, గుమస్తా బల్ల మీది జ్యూరీ పెట్టెకేసి ఒకసారి చూశాడు. ఆ పెట్టెని రోజూ సాయంత్రం కింద సామాన్ల గదిలో అలమారు కింది అరలో పెట్టి తాళం వేసేది అతనే. తల వంచుకుని మెట్లు దిగి వెళ్ళాడు.

ఆంబ్రోజ్ మేజోళ్ళతో ఎర్రమట్టి రోడ్డు మీద ఇల్లు చేరాడు. వెల్మా అతని కాళ్ళ వంక చూసి, కాచిన నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. కబురు అప్పటికే వాడంతా తిరిగొచ్చింది.

"రోతగా ఉంది వెల్మా," అన్నాడు. "వాళ్ళని చూసి కాదు. వాళ్ళ ముందు వంగిన నా నడుముని చూసి."

"వంగింది కోరా కొడుకు కోసం. వాణ్ణి ఇంటికి తీసుకురా, ఆ తర్వాత ఎంత నిటారుగా నిలబడతావో నిలబడు, నేనే ఇస్త్రీ చేసి పెడతా. ముందు కాళ్ళు కడుక్కో, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

ఆ తర్వాత నాలుగు పొద్దులు వెల్మా అలవాటుగా పార పట్టుకుని వచ్చి, ఎత్తడానికేమీ లేక వాకిట్లో ఊరికే నిలబడింది.

సోమవారం ఆంబ్రోజ్ పాస్టరు జోళ్ళు తొడుక్కుని కోర్టుకెళ్ళాడు. అవి కాళ్ళు కరుస్తున్నాయి. పై గ్యాలరీలో కోరా, వాడలోని వాళ్ళంతా కూర్చున్నారు. జ్యూరీ పెట్టె రాకముందే దాని కంపు వచ్చింది. తెల్ల బెంచీల్లో చేతిరుమాళ్ళు ముక్కులకి లేచాయి. హోసియా పెట్టెని మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాని కంతలోంచి నల్లగా కారుతోంది. గుమస్తా మూత తెరిచాడు. లోపల ఉన్నవన్నీ ఒకటే రంగు చీటీలు. బూట్లు పై అరలో పెట్టి ఉన్నాయనీ, గురువారం నుంచీ పెట్టెలోకి ఊరుతూనే ఉన్నాయనీ అమీను వచ్చి జడ్జి చెవిలో చెప్పాడు.

జడ్జి ముఖం తేలు కుట్టిన దొంగ ముఖంలా అయింది. పెట్టె పాడైంది, కేసు వచ్చే తడవకి వాయిదా అన్నాడు.

ఆంబ్రోజ్ లేచాడు. ఏటి బురద కంపు ముక్కుపుటాల నిండా ఉంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతనికి ఆ కంపుకి ఒళ్ళు మండలేదు.

"పాడైందేమిటి, యువర్ ఆనర్? పేర్లు పెన్సిలుతో రాసినవి, తుడిస్తే కనిపిస్తాయి. పోయింది రంగొక్కటే. రంగుతో తమకి పని లేదని గురువారం తమరే రాయించారు. గుమస్తా గారిని చదవమంటారా?"

గుమస్తా చదవక్కర్లేకపోయింది. జడ్జి స్టోక్లీ కక్కలేడు, మింగలేడు. చొక్కా చెయ్యి మడుచుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, ఆ చల్లటి కుళ్ళులోకి మణికట్టు దాకా పెట్టాడు. ఆ రోత ఎలా ఉంటుందో ఆంబ్రోజ్‌కి తెలుసు. పాపం అనిపించలేదు. ఇంకా లోపలికి పెట్టవయ్యా అనిపించింది.

మొదటి మూడు చీటీల మీదా తెల్లవాళ్ళ పేర్లే వచ్చాయి. జ్యూరీలో కూర్చునేవాళ్ళని గుమస్తా ముప్పై ఏళ్ళుగా మిస్టర్ అనే పిలుస్తున్నాడు, ఎందుకంటే అక్కడ తెల్లవాళ్ళు తప్ప ఎవరూ కూర్చోలేదు. నాలుగో చీటీ బొటనవేలితో తుడిచాడు. అలవాటు పడ్డ నోరు కళ్ళకంటే ముందు పరిగెత్తింది.

"మిస్టర్ హోసియా మిమ్స్."

ఎవరూ లేవలేదు. వెనక గోడ దగ్గర తడిగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని హోసియా అటూ ఇటూ చూశాడు. అరవై నాలుగేళ్ళలో ఆ భవనంలో తనకి అలాంటి పేరుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"డీకన్ గారూ, మిమ్మల్నే," అన్నాడు ఆంబ్రోజ్.

హోసియా కర్రని గోడకి జాగ్రత్తగా ఆనించాడు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తను రోజూ తుడిచే నేల మీద బూటు గుర్తులు వేసుకుంటూ నడిచి వెళ్ళి, తను రోజూ తుడిచే కుర్చీలో కూర్చున్నాడు.

చివరికి పన్నెండుమందిలో నలుగురు నల్లవాళ్ళు తేలారు. ఎలకల సంగతి మిగిలిన ఎనిమిదిమందికీ తెలియనిదేం కాదు. అందరూ ఒకే రంగువాళ్ళైతే తెలియనట్టు ఉండిపోయేవాళ్ళు. ఆ గదిలో నలుగురు తమ ముఖాల్లోకి చూస్తూ కూర్చుంటే అది కుదరలేదు. రెండు రోజులు తగువులాడుకుని, బయటికొచ్చి, జీక్ నిర్దోషి అన్నారు. ఆంబ్రోజ్‌కి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. అమీను బూట్లు తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడేశాడు. ఆంబ్రోజ్ పాస్టరు జోళ్ళు విప్పి, బూట్లు తొడుక్కుని, ముందు మెట్ల మీదుగా దిగి వెళ్ళాడు. మెట్టు మెట్టుకీ ఇంత బురద వదిలాడు.

మర్నాడు తెల్లారి వెల్మా పార పట్టుకుని వస్తే బూట్లు ఎప్పటిలాగే నిండి ఉన్నాయి. రెండు బకెట్లు నింపి కంచె దగ్గర పెట్టింది. రోజూ మోసుకుపోయే కోరా ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడింది. బకెట్లు ఎత్తింది జీక్.

"ఛీ, ఏం కంపే అమ్మా," అన్నాడు ముక్కు చిట్లించి.

"నోరు మూసుకుని మొయ్యరా," అంది కోరా.