ఎండకు ఆగే రకం

ఆమెను ఊళ్లో అందరూ ఫెర్న్‌ల మేడమ్ అనేవారు. పూలమొక్కలు అమ్మేవాళ్లు వీధికొకరు ఉంటారు. పూలు పూయని, కాయలు కాయని, ఉత్త ఆకులు తప్ప ఇంకేమీ ఇవ్వని మొక్కల్ని నమ్ముకుని కొట్టు పెట్టింది ఈమె ఒక్కతే. పెట్టడమే కాదు, పదిహేనేళ్లుగా నడుపుతోంది కూడా. ఎండ పడని గోడవారలు, గడ్డి మొలవని చెట్ల మొదళ్లు, రెండిళ్ల మధ్య చీకటి సందులు, ఇలాంటి దిక్కుమాలిన చోట్లు ఉన్నవాళ్లంతా చివరికి ఆమె గుమ్మమే ఎక్కాలి. ఎక్కినవాళ్లను ఆమె మూడే ప్రశ్నలు అడిగేది. నీడ ఎంత? తడి ఎంత? మీ ఓపిక ఎంత? మూడోదానికి జనం అబద్ధం చెబుతారని తెలుసు కాబట్టి, చెప్పిన ఓపికలో సగం తీసేసి దానికి తగ్గ మొక్క చేతిలో పెట్టేది.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. తను నాటిన మొక్క చచ్చిపోవడం కొన్నవాళ్ల కంట పడకూడదు. అందుకని అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా వెళ్లి, వాడిపోతున్నదాన్ని పీకేసి, అంతకంటే మొండి రకాన్ని అక్కడ పెట్టి, మట్టి సర్దేసి వచ్చేది. పైసా అడిగేది కాదు. మేడమ్ చేతి మొక్క చావదని పేరొచ్చింది. పేరు రావడం మంచిదే గాని, దాన్ని నిలబెట్టుకోవడానికి మనిషి ఎన్ని దొంగచాటు పనులు చెయ్యాలో ఆ పేరున్నవాళ్లనే అడగాలి.

ఆమె చెల్లెలు రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడి నడిపేది. ఐదేళ్ల లోపు పిల్లలు ఇరవై ఆరుగురు. అందులో ఒకతి చెల్లెలి కూతురే, బుడ్డిది. బడి అంటే ఒక పాత ఇల్లు. దాని వెనక పెరడు, పెరట్లో ఇంటికంటే పాతదైన ఒక చెట్టు. మొక్కల వాళ్ల పుస్తకాల్లో దానికేదో పొడుగాటి పేరుంది గాని, పిల్లలు తాత చెట్టు అనేవారు. చెట్టుకు ఆనుకున్నట్టుగా రేకుల కప్పున్న చెక్క గది ఒకటి. చల్లగా ఉంటుందని మధ్యాహ్నం పిల్లల్ని అక్కడే చాపలేసి పడుకోబెట్టేవారు.

నాలుగేళ్ల కిందట చెల్లెలు వచ్చి మొరపెట్టుకుంది.

"చెట్టు కింద గడ్డిపరక మొలవట్లేదక్కా. పిల్లలు బురదలో దొర్లి నెత్తి దాకా పూసుకుంటున్నారు. నీ మొక్కలేవో పెట్టకూడదూ?"

అక్క ఆ రోజే వచ్చి చూసింది. చెట్టు కింద చెయ్యి చాపితే చేతి నీడ కూడా కనబడలేదు. అంత చిక్కటి నీడ తన వృత్తిలో ఎక్కడా చూడలేదని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ గునపం వేస్తే నేలలోకి దిగదే. ఎక్కడ చూసినా వేళ్లే. ఆమె సామాన్యురాలు కాదు కదా, నేల తవ్వడం మానేసి నేలనే పైకి లేపింది. రెండు లారీల మట్టి, కుళ్లిన ఆకుల ఎరువు తెప్పించి చెట్టు మొదలు చుట్టూ మోకాలెత్తు పోయించింది. మట్టి జారిపోకుండా రాళ్ల కట్టు కట్టించింది. రాళ్లు నిలబెట్టడానికి కాలవ తీస్తుంటే మణికట్టంత వేళ్లు అడ్డం వచ్చాయి. గొడ్డలితో కొట్టించింది. ఇంత చెట్టుకు నాలుగు వేళ్లు పోతే ఏమైందిలే అనుకుంది.

వేళ్లకు గాలి ఆడాలని ఆమెకు తెలియదా అంటే, ఎందుకు తెలియదు? కుండీలో మొక్క పీక దాకా మట్టి నింపినవాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేసేది. కానీ కుండీలో ఉండేది మొక్క, ఇది చెట్టు. ఫెర్న్‌లు పెంచేవాళ్ల చూపు మోకాలి కిందే ఉంటుంది. ఆమె వరకు చెట్టు అంటే నీడ తయారుచేసే సామాను. దానికీ ఒక ప్రాణం ఉందన్న ఆలోచన ఆమెకు పనిలో ఎప్పుడూ అవసరం పడలేదు.

మొదటి ఏడు ఆ పెరడు చూసి కళ్లు కుట్టనివాళ్లు లేరు. ఆమె అన్నిటికంటే సుకుమారమైన రకం ఎంచింది. నల్లటి దారాల్లాంటి కాడలు, వేలిగోరంత ఆకులు. పొద్దున్న ఓ గంట ఎండ తగిలినా అంచులు మాడిపోయే రకం అది. రెండో ఏడు సరిగ్గా అలాగే మాడాయి. ఆమె బడి ఆయాను పట్టుకుని దులిపేసింది.

"నీళ్లు పొయ్యట్లేదు కదూ?"

"రోజూ పోస్తూనే ఉన్నానమ్మా. పోసిన నీళ్లు అట్టానే నిలబడుతున్నాయి గాని కిందికి దిగట్లేదు," అంది ఆయా.

ఆమె ఆ మాట చెవిన పెట్టలేదు. మాడినవన్నీ పీకేసి, కాస్త ఎండ ఓర్చే వెడల్పాకు రకం పెట్టింది. మూడో ఏడు అవి పసుపు తిరిగాయి. వాటినీ పీకి, కత్తుల్లాంటి ఆకుల రకం పెట్టింది. నాలుగో ఏడు ఆ కత్తులూ వంకర పోతే తోలులాంటి ఆకుల రకం తెచ్చింది. గోడ పగుళ్లలో, రాళ్ల మీద, పట్టెడు మట్టి లేకపోయినా చావనంటే చావనని కూర్చునే రకం.

"ఏడాదికో రకం మారుస్తావేంటక్కా?" అని చెల్లెలు ఒకసారి అడిగింది.

"ఒకటే చూసి చూసి పిల్లలకి విసుగు రాదూ?" అంది అక్క. చెల్లెలు నవ్వి ఊరుకుంది. మొక్కల విషయంలో అక్క మాట ఆమెకు వేదం.

ఆ నాలుగో ఏడే ఒక వారం, ఐదు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. ఆరో రోజు వాన ఆగి గాలి మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్క ట్రేలో ఎనిమిది తోలాకు మొక్కలు పెట్టుకుని పక్క సందులోంచి పెరట్లోకి వచ్చింది. చెక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ వేళ బడిలో చీమ చిటుక్కుమనకూడదు. కాలింగ్ బెల్‌కు కూడా చెల్లెలు గుడ్డ చుట్టేసేది.

దక్షిణం వైపు మొండి మొక్కలు నాలుగు కమిలిపోయి ఉన్నాయి. ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఇవి చావడమేమిటి? మోకాళ్ల మీద కూర్చుని మొదటిదాన్ని పీకబోతే తాపీలాంటి చిన్న పార నేలలోకి పిడి దాకా జారిపోయింది. లాగి చూస్తే అక్కడొక పగులు. ఎండిన మట్టిలో పడే పగులు కాదు, ఐదు రోజుల వానకు నానిన మట్టిలో పడిన పగులు. వేలు పట్టేంత వెడల్పుంది. ఫెర్న్‌ల మధ్య నుంచి వంపు తిరిగి, చెట్టు చుట్టూ సగం గాజులా సాగిపోయింది.

ఆమె అందులో వేళ్లు పెట్టి లోతు చూడబోయింది. అంతలో గాలి విసురుగా కొట్టింది. పైన కొమ్మలు గదివైపు వాలాయి. పగులు అరచెయ్యి పట్టేంత తెరుచుకుంది. గాలి ఆగింది, చెట్టు వెనక్కి వచ్చింది, పగులు మూసుకుని ఆమె వేళ్లను మెల్లగా నొక్కింది. ఆమె మోకాళ్ల కింద నేల లేచి, దిగింది. కాళ్ల కింద భూమి కదలడమంటే మాట వరసకు అనుకుంటాం గాని, అది నిజంగా కదిలితే మనిషికి అరుపు కూడా రాదు.

చెయ్యి లాక్కుని చూసుకుంది. చేతి మీద ఎండ. మచ్చలు మచ్చలుగా కాదు, పూర్తిగా ఎండ. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె తల ఎత్తి చెట్టును చూసింది. కొమ్మల చివర్లన్నీ బోడిగా ఉన్నాయి. ఉన్న ఆకులు సగానికి సగం చిక్కిపోయాయి. వాటి మధ్య నుంచి ఆకాశం బాహాటంగా కనబడుతోంది. చెట్టు మొదట్లో మట్టిని చేత్తో తోడింది. లోపలి బెరడు నానిన అట్టలా ఊడి చేతికొచ్చింది, కుక్కగొడుగుల వాసన గుప్పుమంది. తను పోయించిన మట్టి ఈ చెట్టును ఊపిరాడకుండా చంపేసిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. చెట్టు ఎటు వాలుతోందో చూసింది. అటువైపు రేకుల గది ఉంది. గదిలో బుడ్డిది ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. చెల్లెలు పెదాల మీద వేలు పెట్టింది.

"అందర్నీ లేపు. వీధి వైపు నుంచి బయటికి తీసుకుపోవాలి. చెట్టు పడిపోతుంది."

"ఏ చెట్టు?"

"ఉన్నది ఒకటే కదే. నేల కదులుతోంది. నా చేత్తో చూశాను."

"అక్కా, పోయిన నెల నువ్వే కదా అన్నావ్, ఈ చెట్టు ఇంకో వందేళ్లు ఉంటుందని. ఇప్పుడే పడుకున్నారు, ఇరవై ఆరుగురూ ఒక్కసారి లేస్తే..."

అక్క వంగి బుడ్డిదాన్ని ఒక చంకన, పక్కనున్న పిల్లాణ్ని మరో చంకన ఎత్తుకుంది. ఆ పిల్లాడు ఏడుపు ఎత్తుకున్నా ఆమె ఆగకపోవడం చూసి చెల్లెలి మొహం మారింది. ఇంకేమీ అడగకుండా తనూ ఇద్దర్ని ఎత్తుకుంది. ఆయా వచ్చింది. ఏడ్చేవాళ్లు, నడిచేవాళ్లు, నిద్రలో జోగేవాళ్లు, అందర్నీ ఎదురుగా ఉన్న కుర్చీల దుకాణంలోకి చేర్చారు. దుకాణదారు ధర చీటీలు వేలాడుతున్న కొత్త కుర్చీల్లో పిల్లల్ని కూర్చోబెట్టి, తన మంచి గుణానికి తనే బెంగపడుతూ నిలబడ్డాడు. చెల్లెలు రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరుగురూ ఉన్నారు.

చెట్టు పడలేదు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. గాలి తగ్గుముఖం పట్టింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఒంటేలుకని, నీళ్లని, అమ్మ కావాలని రాగం ఎత్తుకున్నారు. చెల్లెలికి ఓపిక నశించింది.

"గాలి కూడా లేదు చూడు. ఇంకాసేపట్లో వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. పిల్లల్ని రోడ్డుమీద పడేశానని రేపు నలుగురు మాన్పించేస్తారు. నేను లోపలికి తీసుకెళ్లిపోతున్నా."

అక్క వెళ్లి బడి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో అక్కా."

"తప్పుకోను."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పట్టిందనుకో. ఈ రోజుకి నా పిచ్చి భరించు. రేపట్నుంచి నా మొహం చూడకు."

చెల్లెలు కోపంతో మొహం తిప్పేసుకుని దుకాణం మెట్ల మీద కూర్చుంది. ఆ పూట అక్క మనసులో ఒక నీచమైన ఆశ మెదిలింది. చెట్టు పడాలి. పడకపోతే తను అందరి ముందూ వెర్రిదైపోతుంది. ఆ ఆశకు ఆమె తన మీద తనే అసహ్యపడింది. అయినా అది పోలేదు.

ఆకు కదలని వేళ పడింది. ముందు నేలలోంచి నార చీల్చినట్టు పొడుగాటి చప్పుడు వచ్చింది, తర్వాత కాసేపు ఏమీ లేదు, తర్వాత రేకులు నలిగిన మోత. ఇంటి కప్పు మీద నుంచి ఇంతసేపూ కనబడుతున్న కొమ్మలు కిందికి దిగిపోయాయి. కుర్చీల్లో పిల్లలు ఏడుపు మానేశారు.

ఆయా, దుకాణదారు వెళ్లి చూసి వచ్చారు. గది లేదు. చాపల మీద చెట్టు మాను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుకుని ఉంది. వేళ్లతో పెకలి వచ్చిన మట్టిదిమ్మ ఇంటి ఎత్తున లేచి నిలబడింది. దాని నిండా ఫెర్న్‌లు, కమిలిన ఆ నాలుగూ తప్ప ఒక్కటి కూడా వాడకుండా పచ్చగా ఉన్నాయని ఆయా చెప్పింది.

తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. బస్సు డ్రైవరు ఒకాయన తన కవలలిద్దర్నీ ముద్దులాడి, వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. బుడ్డిది ఆమె చంకెక్కి మళ్లీ నిద్రపోయింది. చెల్లెలు ఏడుస్తూ, నవ్వుతూ, వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

"మా అక్కే. మా అక్క చూడబట్టి. నేనే తిక్కదాన్నై తనమీద అరిచాను. అసలెలా కనిపెట్టావక్కా? రోజూ దానికిందే తిరుగుతాం, మాకెవరికీ తెలియలేదు."

అదృష్టమే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే సరిపోయేది. ఎవరూ ఇంకోటి అడిగేవారు కాదు, ఆమె పేరు ఊళ్లో ఇంకో మెట్టు ఎక్కేది. అందరూ ఆమె మొహం వైపే చూస్తున్నారు.

"ఈ రోజు కనిపెట్టింది కాదే," అంది. "మూడేళ్ల కిందటే తెలియాలి నాకు. నీడ పోతోంది, చెట్టు చస్తోందని మొదటి మొక్కలే చెప్పాయి. మాడిపోయి మరీ చెప్పాయి. వాటిని పీకేసి గట్టివి పెట్టాను. అవీ చెప్పాయి. వాటినీ పీకేశాను. నా మొక్క చచ్చిందని నీకు తెలియకూడదని, చెప్పేదాన్నల్లా తీసేసి చెప్పనిదాన్ని తెచ్చి పెడుతూ వచ్చాను. వేళ్లమీద అంత మట్టి పోయించిందీ నేనే. చెట్టుని చంపింది నేనే."

డ్రైవరు చెయ్యి వదిలేశాడు. చెల్లెలు నవ్వు మొహంతోనే కాసేపు అలా చూసింది, ఆ నవ్వును ఏం చెయ్యాలో తెలియనట్టు. ఇంటివైపు చూసింది. కుర్చీల్లో ఉన్న పిల్లల వైపు చూసింది. వాళ్లు రోజూ ఆ చెట్టు పక్క గదిలో ఏ మూల ఎవరు పడుకునేవారో ఆమెకు కంఠతా వచ్చు. మూడేళ్లు, ప్రతి మధ్యాహ్నం.

కళ్లు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ చాపింది.

"పిల్లనిటియ్యి," అంది.

ఆమె ఇచ్చేసింది.