రెండో చరణంలో పరుగు

అతన్ని అందరూ పిడుగు అనే పిలిచేవాళ్ళు. ఎంతగా అంటే, అసలు పేరు అడిగితే కన్నతల్లి కూడా కాసేపు ఆలోచించేది. ఇరవై రెండేళ్లుగా పంక్ బ్యాండులో డ్రమ్ములు బాదుతున్నాడు. పాడేది చెల్లెలు, గిటారు బావ. గొంతు చించుకుని రెండు నిమిషాల్లో పాట ముగించడం వాళ్ళ విద్య. ఇన్నాళ్ళూ ఒక్క ఆల్బమైనా రాలేదు. ఇప్పటికి ఓ కంపెనీ పిలిచింది.

స్టూడియోలో ఇంజనీరు పిడుగు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. అందులో టిక్కుటిక్కుమని తాళం వేసే యంత్రం, దానితో సమంగా కొట్టాలట. చెవిలో జోరీగను పెట్టుకుని ఎవడు కొడతాడు? అయినా కొట్టాడు. మొదటి చరణం బుద్ధిగా గడిచింది, రెండో చరణంలో పరుగందుకున్నాడు. మళ్ళీ కొట్టినా మళ్ళీ పరుగే. ఐదోసారికి ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"సార్, రెండో చరణంలో అంత తొందరేంటి? బస్సేమైనా తప్పిపోతుందా?"

"అలవాటండీ," అన్నాడు పిడుగు.

"అయితే ఈ ఆల్బమ్‌కి డ్రమ్ములు యంత్రంతోనే కానిచ్చేద్దాం. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాడు? నోటిదాకా వచ్చిన ముద్ద! నిజం చెబితే ఆ ముద్ద దక్కేదే. కానీ ఆ నిజం చెల్లెలిది. చిన్నప్పుడు ఆమెకు ఉబ్బసం. మొట్టమొదటి ప్రదర్శనలో రెండో చరణం చివరి పొడుగాటి పాదం దగ్గర ఊపిరందక కుప్పకూలింది. పైగా "నా ఊపిరికేం, గుర్రానికున్నంత ఉంది" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునే మనిషి. ఆనాటి నుంచి ఆమె భుజాలు పైకి లేచాయంటే చాలు, పిడుగు వేగం పెంచి ఆ పాదాన్ని త్వరగా దాటించేస్తాడు. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పదలచుకోలేదు. కర్రలు సంచిలో పడేసి నడవాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, దిగమింగాడు.

లోపల యంత్రం మొదలైంది. గాజు తలుపులోంచి చూస్తున్నాడు. చెల్లెలు మొదటి చరణం దులిపేసింది. రెండో చరణంలో భుజాలు లేచాయి. యంత్రానికి భుజాలేం కనబడతాయి? సగం పాదంలో ఆమెకు దగ్గు తెర ముంచుకొచ్చింది. పిడుగు తలుపు తోసుకుని లోపలికి ఉరికాడు.

బావ అప్పటికే నీళ్ళు పట్టిస్తున్నాడు. ఆమె రెండు గుక్కలు తాగి ఇంజనీరు వైపు తిరిగింది.

"ఆ టిక్కుటిక్కు తీసెయ్యండి. డ్రమ్ములు నాకెదురుగా పెట్టించండి. నా భుజాలు మా అన్నయ్యకి బాగా కనబడాలి."

పిడుగు తెల్లబోయాడు. "నీకు తెలుసా?"

"బాగుంది! నువ్వు చూస్తావనే కదా అన్నయ్యా, భుజాలు ఎగరేసేది."

పిడుగు ముక్కు తుడుచుకుని సంచిలోంచి కర్రలు తీశాడు. ఈసారి రెండో చరణంలో ఎప్పటికన్నా కాస్త ముందే పరుగందుకున్నాడు. ఇంజనీరు తల పట్టుకోలేదు, ఆడించాడు.