దాచని జబ్బు

తొంభై మూడులో తెనాలి నుంచి వచ్చిన ఫణిభూషణ్ మేడ్చల్ బస్టాండు పక్క సందులో ఆస్పత్రి తెరిచాడు. ఎం.డి. చదివిన డాక్టరు ఆ ఊళ్లో ఆయనే మొదలు. మూర్ఛ వస్తే తాయెత్తులు కట్టే జనానికి రోజూ మాత్ర మింగమని చెప్పాడు. మొదట్లో ఎవరూ నమ్మలేదు.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే యాదయ్య మాత్రం, కూతురు లత మూర్ఛొచ్చి నీళ్లలో పడిపోయాక, ఆమెను తీసుకొచ్చాడు. మందుతో మూర్ఛలు ఆగాయి. లతను చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ రాసాగారు.

లత పెద్దదైంది. కీసర సంబంధం వచ్చింది.

"సారూ, ఇగ గోలీలు బంద్ జేయొచ్చా? అత్తగారింట్ల జూస్తే పరేషాన్ అయితది," అన్నాడు యాదయ్య.

"ఆపితే మళ్లీ వస్తాయి. వాళ్లకు ముందే చెప్పేయండి."

"చెప్తే ఎవలు చేసుకుంటరు సారూ?"

పక్కనే ఉన్న లత అంతా వింది. పెళ్లిచూపుల్లో తానే చెప్పేసింది. సంబంధం తప్పిపోయింది.

"నీ మాటినే నా బిడ్డ బతుకు ఆగమైంది!" రోగులందరి ముందూ అరిచి వెళ్లిపోయాడు యాదయ్య. ఆ తరువాత శామీర్‌పేట నుంచి ఎవరూ రాలేదు. లత కూడా రాలేదు. మాత్రలు మానేసిందేమోనని డాక్టరుకు దిగులు పట్టుకుంది. ఓ ఆదివారం స్కూటరు వేసుకుని వాళ్లింటికే వెళ్లాడు.

యాదయ్య వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. లత మంచినీళ్లు తెచ్చింది.

"మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

"ఏస్కుంటున్న సారూ. మెడికల్ షాపుల కొంటున్న."

"నామీద కోపమా?"

"మీమీద ఎందుకు? చెప్పింది నేను. బతుకంత దాచుకుంట ఉండుడు నాతోని కాదు."

యాదయ్య చేతులు ఆగిపోయాయి. కాసేపటికి గోడవారనున్న కుర్చీ జరిపి, "కూసో సారూ," అన్నాడు.

రెండేళ్ల తరువాత, తుర్కపల్లి కంపెనీలకు క్యాబు నడిపే సాయినాథ్ ఆస్పత్రికి వచ్చాడు. లతను చేసుకోబోతున్నానన్నాడు.

"ఆమెకు ఫిట్సొస్తే నేనేం జేయాలె సారూ?"

ఇన్నేళ్లలో ఏ పెళ్లికొడుకూ ఆ ప్రశ్న అడగలేదు. ఫణిభూషణ్ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, రోగులను పరీక్షించే బల్ల మీద తనే పడుకున్నాడు.

"రా, నన్ను పక్కకు తిప్పు. మెల్లగా."

సాయినాథ్ బెదురుతూనే ఆయన భుజం పట్టుకున్నాడు. అతని వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ లత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.