భృతి ఆఫీసు లిఫ్ట్

నిరుద్యోగ భృతి ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ మెకానిక్ మాత్రం ప్రతి సోమవారం మెట్లెక్కే వస్తాడు. ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసి, కంపెనీ మూతపడి రోడ్డున పడ్డవాడు మెట్లెక్కడమేమిటని వాచ్‌మన్ నవ్వేవాడు. నవ్వనీ. ఈ లిఫ్ట్ బాగోగులు కూడా ఒకప్పుడు ఆ కంపెనీయే చూసేది. రెండో అంతస్తు దాటేటప్పుడు అది టక్కుమంటోంది. ఉక్కు తాడులో పోగు తెగి, పైన చక్రానికి తగులుతోందని అతని చెవి మొదటి వారమే చెప్పింది. పోయిన వారం రెండు టక్కులు వినబడ్డాయి.

మరి చెప్పొచ్చు కదా అంటారా? చెప్పబోయాడు పాపం. గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూసింది.

"మీరు పరీక్ష చేసి చెబుతున్నారా? అయితే అది పని కిందికొస్తుంది. ఫారంలో రాయమంటారా?"

కూలి ముట్టినా ముట్టకపోయినా, ఏ పనైనా చేశారా అన్నది ఫారంలో ప్రశ్న. పక్కింటి మోటారు ఊరికే బాగుచేసిపెట్టినందుకు అతని స్నేహితుడి భృతి అక్కడికక్కడే ఆగిపోయింది.

"వద్దమ్మా, ఏదో నోరు జారాను," అన్నాడు మెకానిక్. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు. సిగ్గేసి లిఫ్ట్ సంగతి ఇంట్లోనూ చెప్పలేదు.

ఈ సోమవారంతో ఆరు నెలల భృతి అయిపోతుంది. ఇంకో మూడు నెలలు పొడిగిస్తేనే తలమీద కప్పు నిలుస్తుంది.

"ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం, అసలుదే కావాలి. పదకొండులోపు ఇవ్వకపోతే ఫైలు మూసేస్తాం," అంది గుమాస్తా.

అతను భార్యకు ఫోన్ చేశాడు. "బీరువాలో నీలం కవరుంది. ఆటో ఎక్కి వెంటనే పట్టుకొచ్చెయ్."

"వస్తున్నా. మీరు కంగారుపడకండి."

కూర్చుని ఫారం నింపాడు. 'ఏ పనీ చేయలేదు' అని రాసి, సంతకానికి కలం ఆనించాడు. పదకొండుకు ఐదు నిమిషాలుంది. గోడ అవతల లిఫ్ట్ కదిలింది.

మోకాళ్ల నొప్పులున్న తన భార్య మెట్లెక్కదని అతనికి అప్పుడు తట్టింది. కలం వదిలేసి లేచాడు.

టక్. టక్. ఆపైన లెక్క తప్పింది. గోడ అదిరింది. రెండుకూ మూడుకూ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది.

"ఏవండీ, ఉన్నారా? కాగితం తెచ్చాను," అని లోపలి నుంచి వినబడింది.

గుమాస్తా మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మీకు లిఫ్ట్ పని వచ్చు కదా?" అంది.

"వచ్చు. పని చేశానని రాసుకోండి. డాబా మీద మెషిన్ గది తాళం ఇవ్వండి."

"అది మీ కంపెనీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మూతపడ్డాక ఎవరూ రాలేదు."

అతను డాబా మెట్లవైపు పరుగెత్తాడు. వెనక ఇంకో టక్కు వినబడింది.

"ఏవండీ," అంది ఆమె, "పదకొండు కాలేదుగా?"